మతాచార్యుడైన ఆటగాడు: ఛార్లెసు వర్డ్సువర్తు



ఇరువదియైదేండ్లు నడచిన గ్రంథాలయమున జీవితచరిత్రల బీరువా ఒకటి తప్పక ఉండును. రాజ్యములు ఏలినవారు, దేశములకు స్వాతంత్ర్యము తెచ్చినవారు, క్రొత్త సంగతులు కనిపెట్టినవారు అందు వరుసగా నిలిచియుందురు. ఆ వరుసలో నిలుపదగినంత పెద్దపేరు ఛార్లెసు వర్డ్సువర్తుది కాదు. వర్డ్సువర్తు అనగానే చదువరులకు స్ఫురించువాడు విలియం వర్డ్సువర్తు మహాకవి. ఛార్లెసు ఆ కవి తమ్ముని కుమారుడు. ఇంగ్లండునందు విక్టోరియా రాణి కాలమున మతాచార్యుడై, స్కాట్లండులో దాదాపు నలువదియేండ్లు బిషప్పు పదవి నిర్వహించి, వ్యాకరణములు, ఉపన్యాసములు, వాదగ్రంథములు పెక్కు వ్రాసెను. వానిలో నేడు చదువబడునవి అరుదు. అయినను ఆయన ఇరువదియేండ్ల ప్రాయమున చేసిన రెండు పనులు మాత్రము లోకమున నిలిచిపోయినవి. ఆక్సుఫర్డు, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయముల నడుమ మొదటి క్రికెట్టు పందెము 1827లోను, మొదటి పడవ పందెము 1829లోను జరిగినవి. రెండింటికిని పూనుకొన్నవారిలో ముఖ్యుడు ఇతడే, రెండింటను స్వయముగా పాల్గొన్నవాడును ఇతడే.

ఎదుటిపక్షమును గెలువవలెనని సర్వశక్తులు ఒడ్డుట, ఆట ముగిసిన పిదప ఆ పక్షమువారితోనే కూర్చుండి భోజనము చేయుట, ఈ రెండును మైదానమున నేర్చుకొనుట సులభము. మైదానము వెలుపల, మతమునందును రాజకీయమునందును, అది ఎంతవరకు సాధ్యము? వర్డ్సువర్తు జీవితము ఈ ప్రశ్నకు పెట్టిన పరీక్షవలె నడచినది.

ఆయన 1806 ఆగస్టు 22వ తేదీన లండను నగరమునకు చేరియున్న లాంబెత్తులో జన్మించెను. తండ్రి క్రిస్టఫరు వర్డ్సువర్తు మతాచార్యుడు, పండితుడు. 1820 మొదలు 1841 వరకు కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కళాశాలకు అధ్యక్షుడు. తల్లి ప్రిసిల్లా, ఛార్లెసు తొమ్మిదేండ్ల బాలుడై యుండగా 1815లో మరణించెను. అన్నదమ్ములు ముగ్గురు: జాను, ఛార్లెసు, క్రిస్టఫరు. ముగ్గురును పండితులైరి. చిన్నవాడు తరువాత లింకను బిషప్పయ్యెను. చదువు ఆ యింటి ఆస్తి. ఆటమీది మక్కువ ఛార్లెసుకు హారో పాఠశాలలో అబ్బినది. 1825లో లండను లార్డ్సు మైదానమున హారో, విన్‌చెస్టరు పాఠశాలలు క్రికెట్టున తలపడినప్పుడు హారో పక్షమున ఛార్లెసు, విన్‌చెస్టరు పక్షమున తమ్ముడు క్రిస్టఫరు ఆడిరి. ప్రత్యర్థి యన్నవాడు పరాయివాడు కానక్కరలేదని ఆ బాలునకు తెలిసినది ఇంటిలోనే.

ఆనాటి క్రికెట్టు నేటి క్రికెట్టు కాదు. ఇప్పుడు పల్లెపిల్లలు తాటిమట్టను బ్యాటుగా చెక్కి ఆడునప్పుడు సైతము చేతిని భుజము మీదుగా త్రిప్పి బంతి విసరుదురు. అట్లు వేయుటకు నియమము అనుమతించినది 1864లో మాత్రమే. 1827 నాటి నియమము ప్రకారము చేతిని క్రిందినుండి ఊపి బంతిని వేయవలెను. మోచేతి యెత్తు వరకు చేయి లేపుటకు 1828లోను, భుజము ఎత్తు వరకు లేపుటకు 1835లోను అనుమతి లభించినది. నేటివలె మైదానము దిద్ది తీర్చినదియు కాదు. గడ్డిని గొఱ్ఱెలు మేసి కుదించుచుండెను. గుంటలలో పడిన బంతి ఎటు లేచునో వేసినవానికే తెలియదు. వర్డ్సువర్తు ఎడమచేతితో నిదానముగా బంతి వేయువాడు. నేలను తాకిన పిమ్మట ఆ బంతి ప్రక్కకు తిరుగుచుండెను. వేగము లేని బంతియే కదా యని ఉపేక్షించినవాడు వెనుదిరిగి చూచునప్పటికి వికెట్టు పడియుండెడిది.

1825లో అతడు ఆక్సుఫర్డులోని క్రైస్టుచర్చి కళాశాలలో చేరెను. కాని సెలవులు గడుపుట కేంబ్రిడ్జిలో, తండ్రి నివాసమున. హారోలో కలిసి చదివిన మిత్రులు పలువురు కేంబ్రిడ్జిలోనే ఉండిరి. ఇట్లు చదువు ఒకచోటను, ఇల్లు మరియొకచోటను ఉండుటవలన రెండు విశ్వవిద్యాలయముల ఆటగాండ్రును అతనికి ఎరుకే. కేంబ్రిడ్జి పక్షమునకు హెర్బర్టు జెన్నరు నాయకుడు. అతడు ఈటను పాఠశాలలో చదివినవాడు, గొప్ప ఆటగాడు. ఇరువురును ఉత్తరములు వ్రాసికొని పందెము నిశ్చయించుకొనిరి. విశ్వవిద్యాలయాధికారులు పూనుకొని చేసినది కాదది, వారి ఆశీర్వచనముతో జరిగినదియు కాదు.

ఇచట ఒక చిక్కు వచ్చినది. పందెము జూను 4వ తేదీన లండనులో. అది కళాశాల నడచుచున్న కాలము. విద్యార్థి ఊరు విడువవలెనన్న కళాశాల పెద్ద అనుమతి కావలెను. క్రికెట్టు ఆడుటకు లండను పోయెదనన్నచో ఆ పెద్ద చెవినిడడు. అందుచే దంతవైద్యునికి చూపించుకొనవలసియున్నదని వర్డ్సువర్తు చెప్పి అనుమతి పొందెను. పిమ్మట బిషప్పు అయిన మనిషి, యువకులకు సత్యవాక్పాలనము బోధించిన మనిషి, ఈ సంగతిని దాచలేదు. ముసలితనమున వ్రాసిన ఆత్మకథలో తానే బయటపెట్టెను. దొంగపంటినొప్పితో మొదలైన ఆ ఆచారము తరువాతి కాలమున రాజవంశీకులును మంత్రులును తరలివచ్చి చూచు మహోత్సవమైనది.

లార్డ్సులో ఆ పందెము రెండు దినములు జరుగవలసినది. వానవలన ఒక్క దినమే ఆట సాగినది. ఆక్సుఫర్డు 258 పరుగులు చేసినది. కేంబ్రిడ్జి 92 పరుగులకే ముగిసినది. ఆ పతనమునకు కారకుడు వర్డ్సువర్తే. అతని ఎడమచేతి బంతులకు ఏడు వికెట్లు పడినవి. అవతలి పక్షమున నిలిచి పోరాడినవాడు జెన్నరు. 92లో 47 అతనివే. నాయకులిద్దరును తమతమ పక్షములకు వెన్నెముకలై నిలిచిరి. వాన కురిసి గెలుపోటములు తేలలేదు. మొదటి పందెము ఇట్లు సమముగా ముగియుట ఒకవిధముగా మంచిదే అనవలెను. మరల ఆడవలెనను కోరిక ఇరుపక్షములకును మిగిలినది.

ఆ మరల ఆడుట 1829 జూనులో ఆక్సుఫర్డుననే సంభవించినది. ఈ పర్యాయము ఆక్సుఫర్డు 115 పరుగుల ఆధిక్యముతో గెలిచినది. కాని వర్డ్సువర్తు రెండు ఇన్నింగ్సులలోను సున్నకే వెనుదిరిగెను. రెండు సున్నలు ప్రక్కప్రక్కన వ్రాసిన కళ్ళజోడు వలె కనబడును గనుక ఇంగ్లండువారు దానిని కళ్ళజోడనియే పిలుతురు. ఆ కళ్ళజోడుకు ఒక హేతువు లేకపోలేదు. అయిదు దినములలో మరియొక పందెమున్నది. దానికై అతడు తెడ్డు పట్టి సాధన చేయుచుండెను. రోజుల తరబడి తెడ్డు పట్టిన చేతికి బ్యాటు పట్టున ఉండవలసిన నేర్పు తగ్గుట సహజము.

ఆ రెండవ పందెమే పడవ పందెము. దాని వెనుక మరియొక బాల్యస్నేహమున్నది. హారోలో వర్డ్సువర్తునకు సహాధ్యాయియైన ఛార్లెసు మెరివేలు కేంబ్రిడ్జిలో చదువుచుండెను. ఇద్దరు మిత్రులకును పడవలపై మోజు. మన పడవ మీ పడవను మించునా, మీ పడవ మన పడవను మించునా యని ఆరంభమైన మాట పెరిగి, 1829 మార్చి 12వ తేదీన కేంబ్రిడ్జి విద్యార్థులు సభ చేసి ఆక్సుఫర్డునకు సవాలు పంపువరకు వచ్చినది. జూను 10వ తేదీన థేమ్సు నదిపై హెన్లీ యను ఊరికడ పందెము. ఎనిమిదిమంది తెడ్డువేయువారు, ఒక చుక్కానివాడు. ఆక్సుఫర్డు పడవలో నాలుగవ స్థానమున వర్డ్సువర్తు. కేంబ్రిడ్జి పడవలో సరిగా నాలుగవ స్థానముననే మెరివేలు. రెండుమైళ్ళకు పైబడిన దూరము, ఏటికి ఎదురుగా. గట్లపై జనసమ్మర్దము వేలకొలది. మొదట బయలుదేరినప్పుడు పడవలు ఒకదానినొకటి తాకుటచే ఆపి మరల విడువవలసివచ్చినది. రెండవమారు ఆక్సుఫర్డు సునాయాసముగా గెలిచినది. గోదావరి, కృష్ణా తీరములవారికి ఎదురేటిలో తెడ్డు వేయుట ఎట్టిదో చెప్పనక్కరలేదు.

ఆ రెండు పడవలలో కూర్చున్న యువకులలో తరువాత మతాచార్యులైనవారు పెక్కురు. మెరివేలు రోము చరిత్రకారుడై, ఈలీ ప్రధానదేవాలయమునకు డీను అయ్యెను. అదే పడవలో ఏడవ స్థానమున తెడ్డు వేసిన జార్జి సెల్విను 1841లో న్యూజీలండునకు మొదటి బిషప్పుగా పోయి, ఆ దీవులలో కాలినడకను, పడవ ప్రయాణమును విసుగు లేక సాగించెను. ఆనాటి ఇంగ్లండునందు విశ్వవిద్యాలయమున చదివినవారిలో పెద్దభాగము మతాచార్యవృత్తిలో ప్రవేశించుట వాడుక. కావున క్రికెట్టు ఆడిన విద్యార్థి పురోహితుడగుట వింతకాదు. మన దేశమున ఇట్టి పందెముల సంప్రదాయమును పాదుకొల్పినవారిలో తెలుగువారును కలరు. 1888లో మద్రాసున భారతీయులకై క్రికెట్టు సంఘము నెలకొల్పిన బుచ్చిబాబు నాయుడుగారు తెలుగు కుటుంబమునకు చెందినవారు. వారి కుమారుడు కోటా రామస్వామి కేంబ్రిడ్జిలో చదువుచు టెన్నిసు ఆడి, 1922లో భారతదేశము పక్షమున డేవిసు కప్పు పోటీలలోను, 1936లో ఇంగ్లండుపై క్రికెట్టు టెస్టులలోను ఆడెను.

ఆటలలో మునిగి చదువు మరచినవాడు కాడు వర్డ్సువర్తు. 1827లో, పందెము జరిగిన యేడే, లాటిను పద్యరచనకు విశ్వవిద్యాలయ బహుమానము పొందెను. 1830లో ప్రాచీనభాషలలో మొదటితరగతిన ఉత్తీర్ణుడయ్యెను. పిదప కొంతకాలము విద్యార్థులకు ప్రత్యేకముగా పాఠములు చెప్పెను. ఆ శిష్యుల పేర్లు వినిన ఆశ్చర్యము కలుగును. ఒకడు విలియం గ్లాడ్‌స్టను, తరువాత నాలుగుమారులు ఇంగ్లండునకు ప్రధానమంత్రి అయినవాడు. మరియొకడు హెన్రీ మానింగు, తరువాత రోమను కాథలిక్కు మతమునకు మారి కార్డినలు అయినవాడు. ఇంకొకడు జేమ్సు హోపు, ప్రసిద్ధ న్యాయవాది. గురువు శిష్యులకంటె కొన్ని యేండ్లు మాత్రమే పెద్ద. మానింగు హారోలోను అతనితో ఆడినవాడే. ఒకమారు వర్డ్సువర్తు మానింగునకు ఒక క్రికెట్టు బ్యాటు బహూకరింపగా, అతడు తన ఆటను తానే ఎగతాళి చేసికొనుచు పద్యములలో కృతజ్ఞత తెలిపెను. ఈ పద్యముల సంగతి మరల చెప్పవలసియున్నది.

1834లో వర్డ్సువర్తు డీకనుగా మతవృత్తిలో ప్రవేశించెను. మరుసటియేడు విన్‌చెస్టరు కళాశాలలో రెండవ ఉపాధ్యాయపదవి లభించినది. తమ్ముడు చదివిన పాఠశాల, పూర్వము తాను ఎదిరించి ఆడిన పాఠశాల అది. 1835 డిసెంబరులో ఛార్లెటు డే యను కన్యను వివాహమాడెను. ఆ దాంపత్యము నాలుగేండ్లయినను నిండలేదు. 1839 మే నెలలో ఒక ఆడుబిడ్డను కని ఆమె కన్నుమూసెను. అప్పుడాయనకు 32 ఏండ్లు. ఆమె స్మారకశిలపై చెక్కుటకు ఆయన లాటినున రెండే పాదముల పద్యము వ్రాసెను. ఆయన వ్రాసిన వేలకొలది పుటలలో సాహిత్యపరుల మనసున హత్తుకొన్నది ఆ రెండు పాదములే యనిన తప్పుకాదు. గొప్పవారు పలువురు దానిని ఆంగ్లీకరింప యత్నించిరి. ఆ యేడే ఆయన గ్రీకు వ్యాకరణమొకటి ప్రకటించెను. ఇంగ్లండులో పెక్కు పాఠశాలలు దానిని పాఠ్యగ్రంథముగా గ్రహించినవి. దుఃఖమునకు మందుగా పని పెట్టుకొన్నాడేమో యనిపించును.

విన్‌చెస్టరునందు ఆయన చేసిన మేలు పిల్లల నడవడి విషయమున. వందలకొలది బాలురు కలిసి వసించు బడులలో పెద్దపిల్లలు చిన్నపిల్లలను బాధించుట, ప్రార్థన చేయువానిని గేలిచేయుట ఆనాడు సాధారణము. రాత్రి పండుకొనుటకు ముందు ఎవని పడకకడ వాడు నిర్భయముగా మోకరిల్లుటకు ఆయన వీలు కలిగించెను. ఆ అనుభవములను 1846లో గ్రంథరూపమున ప్రకటించెను. ఉపాధ్యాయుడు గంభీరముగా కూర్చుండి దండించుట తప్ప మరేదియు చేయరాదను కాలమున, ఆటలెరిగిన ఉపాధ్యాయుని మాట పిల్లలకు వేరుగా వినబడును. 1846లో ఆయన రెండవ వివాహము చేసికొనెను. వధువు కేథరిను బార్టరు. ఆమె పినతండ్రి ఆ విన్‌చెస్టరు కళాశాలకే అధ్యక్షుడు, క్రికెట్టున బంతిని బలముగా కొట్టుటకు పేరుపడినవాడు. అట్టి దెబ్బను ఆ బడిపిల్లలు ఆయన ఇంటిపేరున బార్టరు అనియే పిలిచెడివారు. సంబంధమైనను ఆటవారితోనే కలిసినది!

ఇంతవరకు నడచిన జీవితము ఎండకాలపు సాయంకాలము ఆటవలె ఉన్నది. ఇక స్కాట్లండు. అచట ప్రజలలో అధికసంఖ్యాకులు ప్రెస్బిటీరియను శాఖకు చెందినవారు. బిషప్పు పదవిని వారంగీకరింపరు. బిషప్పులుగల ఎపిస్కోపలు శాఖ చిన్నది. 1792 వరకు కఠిన చట్టములక్రింద నలిగినది. ఆ శాఖకు విద్యావంతులైన పురోహితులను తయారుచేయుటకై గ్లాడ్‌స్టను, హోపు పూనుకొని పెర్తుషైరులో గ్లెనాల్మండు అనుచోట ట్రినిటీ కళాశాలను స్థాపించిరి. శిలాస్థాపన 1846లో గ్లాడ్‌స్టను తండ్రి చేతిమీదుగా జరిగినది. మొదటి అధ్యక్షునిగా తమ గురువునే పిలిచిరి. 1847లో కళాశాల తెరువబడినది. కొండల నడుమ, ఊరికి దూరమున, చేతిలో చాలినంత ధనము లేక ఆరంభమైన విద్యాలయమది. అందలి దేవాలయ నిర్మాణమునకు ఆయన తన సొంతధనము ధారాళముగా వెచ్చించెను. ఆ దేవాలయ ప్రతిష్ఠ 1851 మే 1వ తేదీన జరిగినది.

సరిగా ఆ వసంతముననే పిడుగుపడినది. 1851 ఏప్రిలు 6వ తేదీన మానింగు, హోపు ఇద్దరును ఒకే దినమున రోమను కాథలిక్కు శాఖలో చేరిరి. ఆనాటి ఇంగ్లండునందు ఇది ఎంత పెద్ద విభజనమో నేడు ఊహించుట కష్టము. అన్నదమ్ముల నడుమ మాటలు నిలిచిపోయినవి, పెండ్లి సంబంధములు తప్పిపోయినవి. వర్డ్సువర్తు కళాశాలను నెలకొల్పిన ఇద్దరు శిష్యులలో ఒకడు అవతలి ఒడ్డునకు చేరెను. మిగిలినవాడు గ్లాడ్‌స్టను. అతనితోనైనను పొత్తు కుదిరెనా యన్న అదియు లేదు. రాజ్యమునకును మతసంస్థకును విడదీయరాని బంధము ఉండవలెనని గురువు పట్టుదల. శిష్యుడు రాజకీయమున ముందుకు సాగినకొలది ఆ బంధము సడలించువాడయ్యెను. 1852లో, మతసభలలో పురోహితులుకాని సామాన్యులకును స్థానముండవలెనని గ్లాడ్‌స్టను బహిరంగలేఖ వ్రాయగా, వర్డ్సువర్తు దానిని గట్టిగా ప్రతిఘటించెను. ఈ వాదమున కాలము గ్లాడ్‌స్టను పక్షముననే నిలిచినదని చెప్పవలెను. పదిమంది ధనముతో నడచు సంస్థలో పదిమందికిని మాట ఉండవలెననుట గ్రామగ్రంథాలయ సభ్యులకు వేరుగా బోధింపనక్కరలేదు.

అదే 1852లో సెంట్ ఆండ్రూసు బిషప్పు మరణించెను. క్రొత్త బిషప్పును ఆ ప్రాంతపు పురోహితులే ఓట్లతో ఎన్నుకొనవలెను. వర్డ్సువర్తు అభ్యర్థి, ఓటుహక్కు గలవాడును అతడే. ఓటర్లు కొద్దిమంది, పక్షములు రెండును దాదాపు సమానము. ఆయన తన ఓటును తనకే వేసికొనెను. ఆ ఓటే ఎన్నికను తేల్చినది. ప్రతిపక్షము గగ్గోలు పెట్టినది. విచారణ జరిగి ఎన్నిక నిలిచినది. 1853 జనవరి 25వ తేదీన ఆయన బిషప్పుగా అభిషిక్తుడయ్యెను.

ఇది నియమమునకు విరుద్ధము కాదు. శాసనసభలకు పోటీచేయువారు తమ ఓటు తమకే వేసికొనుట నేడు ఎల్లెడల చూచుచున్నదే. కాని మతాచార్యుని విషయమున లోకము వేరొక త్రాసు పట్టును. బంతి వేసినవాడే అంపైరు స్థానమున నిలిచి వ్రేలెత్తినట్లున్నదని గిట్టనివారు అనుకొనిన, ఆ మాటను పూర్తిగా త్రోసివేయుట కష్టము. లార్డ్సు మైదానమునకు పోవుటకై పంటినొప్పి కల్పించుకొనిన యువకుడే ఇచటను కనబడుచున్నాడు. ఆడితీరవలెనన్న ఆత్రము ఆయన గుణము, దోషము కూడ. ఈ ఎన్నిక మచ్చ ఆయన బిషప్పు జీవితమును చాలకాలము వెంటాడినది. పెర్తు పట్టణమున తన సొంత ప్రధానదేవాలయపు పురోహితులతోనే పూజావిధానము విషయమై ఏండ్ల తరబడి మనస్పర్ధలు సాగినవి. 1854లో గ్లెనాల్మండు అధ్యక్షపదవి విడిచి, పూర్తిగా బిషప్పు పనియందే నిలిచెను.

ఇన్ని తగవులు పెట్టుకొన్న మనిషియే ఒక విషయమున తనకాలమునకు ముందు నడచెను. స్కాట్లండులోని ఎపిస్కోపలు, ప్రెస్బిటీరియను శాఖలు ఏకము కావలెనన్నది ఆయన జీవితాంతము విడువని కోరిక. బిషప్పు వ్యవస్థయే సరియైనదని గ్రీకు, లాటిను ప్రమాణములతో వాదించెను. ఆ విషయమున ఒక్క అడుగు వెనుకకు వేయలేదు. అయినను వయసు ముదిరినకొలది, ఐక్యత కుదిరినచో అప్పటికి పదవులలోనున్న ప్రెస్బిటీరియను పురోహితులను మరల అభిషేకింపకయే అంగీకరింపవచ్చునని సూచించెను. ఇది ఆయన పక్షమువారికి మింగుడుపడని మాట. అవతలి పక్షమువారికి ఆయన వాదము నచ్చకున్నను మనిషి నచ్చెను. 1876లో పెర్తు విడిచి సెంట్ ఆండ్రూసున స్థిరపడిన పిమ్మట ప్రెస్బిటీరియను పండితులతో ఆయనకు పొత్తు పెరిగినది. ఐక్యత మాత్రము సిద్ధింపలేదు. ఆ రెండు శాఖలును నేటికిని వేరువేరుగనే ఉన్నవి. వాన కురిసి ఆగిన ఆట అది.

మధ్యలో సాహిత్యసేవ మానలేదు. షేక్‌స్పియరు బైబిలును ఎంతగా చదివి ఎట్లు వాడుకొనెనో వివరించు గ్రంథమును 1864లో, ఆ మహాకవి త్రిశతజయంతి సంవత్సరమున, ప్రకటించెను. 1870 మొదలు జరిగిన ఇంగ్లీషు క్రొత్తనిబంధన సంస్కరణసంఘమున సభ్యుడుగా ఉండెను. 1881లో ఫలితము వెలువడగా, పాతభాషలో అనవసరపు మార్పులు ఎక్కువైనవని తాను సభ్యుడైన సంఘముతోనే విభేదించెను.

85వ ఏట, 1891లో, తన బాల్యయౌవనముల కథను గ్రంథముగా ప్రకటించెను. క్రికెట్టు, పడవ, దంతవైద్యుడు అన్నియు అందున్నవి. మానింగు బ్యాటునకు కృతజ్ఞతగా వ్రాసిన పద్యములును అందున్నవి. అప్పటికి మానింగు వెస్టుమినిస్టరు ఆర్చిబిషప్పు, కార్డినలు. ఇంగ్లండు కాథలిక్కులకెల్ల నాయకుడు. వర్డ్సువర్తు ఆ శాఖ సిద్ధాంతములను ఖండించుచు జీవితమంతయు గడపినవాడు. ఖండన గ్రంథములు ఒకవంక, బ్యాటు పద్యములు మరియొకవంక. అరువదేండ్ల నాటి చీటీని దాచుకొనుట అభిమానము లేనివాడు చేయు పని కాదు. ఆ గ్రంథము వెలువడిన కొన్ని నెలలకే, 1892 జనవరిలో, మానింగు గతించెను.

అదే 1892 డిసెంబరు 5వ తేదీన వర్డ్సువర్తు సెంట్ ఆండ్రూసున మరణించెను. పాతకాలపు ప్రధానదేవాలయము శిథిలమై నిలిచిన ఆవరణమున, సముద్రపు గాలి వీచుచోట, ఆయనను సమాధి చేసిరి. ఆ దినమున ఇంగ్లండు ప్రధానమంత్రి ఆయన శిష్యుడు గ్లాడ్‌స్టను. కేంబ్రిడ్జి పడవలో నాలుగవ స్థానమున కూర్చున్న మెరివేలు మరుసటియేటి డిసెంబరున గతించెను. వీరందరికంటె ఎక్కువకాలము బ్రతికినవాడు హెర్బర్టు జెన్నరు. 1827లో లార్డ్సు మైదానమున వాన వెలియునా యని ఆకాశమువంక చూచి నిలిచిన ఆ కేంబ్రిడ్జి నాయకుడు 1904 జూలైలో, తన 98 ఏండ్ల ప్రాయమున, కన్నుమూసెను.